మెడ ముక్క

"ఇంక మెడ ఎయ్యలేదా బిడ్డా?"

గేటు దగ్గర నిలబడి అడిగింది ముసలామె. నిన్నా అదే మాట. మొన్నా అదే మాట.

శకుంతల ఒళ్లో నీలం స్వెట్టర్ ఉంది. ముందు భాగం, వెనక భాగం, చేతులు అయిపోయాయి. మెడ ఒక్కటే మిగిలింది.

"ఏస్త తియ్యవ్వా. నీకేం తొందర?"

"సలి వస్తాంది గద."

అది నిజమే. శకుంతల నాలుగేళ్ల బిడ్డ స్వరూపకు చలి తగిలితే ఆయాసం. దవాఖానలో డాక్టరు ఛాతీ వెచ్చగా ఉంచమన్నాడు. అందుకే, పాతబట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మొగిలమ్మ మూటలోంచి ఒక మగవాళ్ల స్వెట్టర్ ఏరుకుంది. దాన్ని ఊడదీసి, ఊలు ఉతికి ఆరేసి, బిడ్డ కొలతకు మళ్లీ అల్లుతోంది.

పాత స్వెట్టర్ మెడను మాత్రం ఊడదీయలేదు. ఉతకనూ లేదు. చూసి నేర్చుకుందామని, ఊడిపోకుండా దారం గుచ్చి తలుపు పక్క మేకుకు తగిలించింది.

మెడకు నాలుగు సూదులు కావాలి. గుండ్రంగా తిప్పుతూ అల్లాలి. ఒక్క కుట్టు జారితే ముందు భాగమంతా కిందిదాకా ఊడి వస్తుంది. తలుచుకుంటేనే శకుంతలకు చేతులు చెమట పట్టేవి.

పొద్దున, మధ్యాహ్నం వేద్దాంలే అనుకునేది. మధ్యాహ్నం, శుక్రవారం మంచిది అనుకునేది. శుక్రవారం వస్తే, బాగానే ఉన్న చేతులు విప్పి మళ్లీ కుట్టేది.

ముసలామె కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. చాటలో బియ్యం ఏరుతున్న పక్కింటి సమ్మమ్మ తలెత్తింది.

"ఎవలే ఆమె?"

"ఏమో వదినా. మడికొండ బస్సు దిగి వస్తది."

"మన సుబేదారిల సుట్టాలున్నరా?"

"లేరంట."

"పనున్నదా?"

"లేదంట."

"మరి బస్సు కిరాయి పెట్టుకొని నీ మెడ సూడనీకె వస్తాందా? నీ మొగడు కూడ అంతగనం సూడడు గదనే!"

శకుంతల నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మర్నాడు స్టవ్ మీది పాలు దించి వచ్చేసరికి ముసలామె మేకు దగ్గర ఉంది. మెడ ముక్క ఆమె చేతుల్లో ఉంది. దాన్ని ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని వాసన చూస్తోంది.

"ఏం చేస్తానవ్ అవ్వా?"

ఆమె ఉలిక్కిపడింది. "ఏం లేదు బిడ్డా. మెత్తగున్నది."

ఆమె వెళ్లాక సంగతి విని సమ్మమ్మ చాట కింద పెట్టేసింది.

"బాణామతి చేసెటోళ్లు గట్లనేనే. ముందుగల్ల వాసన పడ్తరు. ఎన్క కొలత తీస్తరు. కొలత తీసిండ్రంటే ఇగ అయిపాయె. పిల్ల జర పైలం!"

ఆ రాత్రి స్వరూపకు ఆయాసం వచ్చింది. శకుంతల తెల్లవార్లూ బిడ్డ వీపు నిమురుతూ, ఆ ముసలి ముఖాన్నే తలుచుకుంది.

పొద్దున ముసలామె మళ్లీ వచ్చింది. శకుంతల గుమ్మంలోకి వచ్చి చూసేసరికి స్వరూప ఆమె ముందు బుద్ధిగా నిలబడి ఉంది. ముసలామె కొంగు ముడిలోంచి తెల్లదారం తీసి పిల్ల తల చుట్టూ తిప్పుతోంది.

శకుంతల ఒక్క అంగలో వెళ్లి దారం గుంజుకుంది.

"నా బిడ్డ తల కొలుస్తానవా?"

"మెడకు బిడ్డా... తల దూరాలె గద. ఐతారం లోపట అయితదో కాదో అని..."

"అయ్యో, కొలత తీసింది!" సమ్మమ్మ కేక పెడుతూ వచ్చింది. "లే! లేస్తవా, వాడకట్టంతటిని పిలవాల్నా?"

శకుంతల లోపలికెళ్లి దారాన్ని స్టవ్ మంటలో పడేసి వచ్చింది. ముసలామె లేచింది. గేటు దాటి వెనక్కి తిరిగింది.

"పోనీ, ఆ మెడ ముక్కన్న ఇయ్యి బిడ్డా. దండం పెడ్త."

"సూసినవా! అడగనే అడిగింది!" అంది సమ్మమ్మ.

శకుంతల గేటు గడియ పెట్టింది.

ఆమె ముట్టింది ఇంట్లో అట్లనే ఉంచొద్దంది సమ్మమ్మ. పారేద్దామంటే, కొత్త మెడకు ఆ ఊలే కావాలి. శకుంతల ఆ సాయంత్రమే మెడ ముక్క ఊడదీసింది. వేడినీళ్లలో సోడా వేసి రెండుసార్లు ఉతికింది. ఆరాక ఉండ చుట్టింది.

కోపం మీద భయం కనపడలేదు. నాలుగు సూదులూ ఎక్కించింది. ఒక్క కుట్టూ జారలేదు. ఇంతేనా, దీనికేనా ఇన్నాళ్లు ఆగింది అనిపించింది.

సోమవారం చివరి ముడి వేసి స్వరూపకు తొడిగింది.

తల పట్టలేదు. నుదుటి దగ్గరే ఇరుక్కుంది. పిల్ల కెవ్వున ఏడ్చింది.

శకుంతల మెల్లగా బయటికి లాగింది. మెడ కొలత చూసుకుంది గానీ, అందులోంచి తల దూరాలని చూసుకోలేదు. పెట్టెలోంచి దారం తీసి బిడ్డ తల చుట్టూ తిప్పింది.

సగం తిప్పి ఆగిపోయింది.

"గిన్నెలమ్మా... గిన్నెలూ..."

మొగిలమ్మ గంప దించింది. "చెల్లే, మడికొండ చిలుకమ్మ వచ్చెనా నీ దగ్గరికి? ముసలామె."

"నీకెట్ల ఎరుక?"

"నేనే ఇల్లు సూపెట్టిన. గీ స్వెట్టర్ వాళ్ల ఇంట్లదే. ఆమె లేంది సూసి చిన్నకోడలు గిన్నెకు ఏసింది. వాపస్ అడుగుతదేమో అని నాకు ఫికరయింది. 'ఎందుకడుగుత, చిన్నపిల్లకంట గద, ఏసుకున్నంక కండ్లార సూసి పోత' అన్నది."

శకుంతల లేచి నిలబడింది. "ఇప్పుడు ఇంట్లనే ఉంటదా?"

"ఇంకెక్కడి ఇల్లు? మగ్గం పని నడుస్తలేదు. నిన్న ఐతారం ఇంటిల్లిపాది బతకనీకె భీవండి రైలెక్కిండ్రు."

శకుంతల ఖాళీ మేకు వైపు చూసింది.

"ఎవలిది మొగిలమ్మా, ఆ స్వెట్టర్?"

"ఆమె పెద్దకొడుకుది, సచ్చిపోయిండు. ఆమెనే అల్లింది. అంత ఊడదీసినా ఆ మెడల ఇంక కొడుకు వాసన పోలేదని మొన్న ఎంత సంబురంగ సెప్పిందో!"