పన్నెండు పడవలు

కృపావరం మొదట ఆగింది వెంకట్రాజు పాక ముందే.

గొడుగు చంకలో పెట్టుకుని, సగం కట్టిన పడవ చుట్టూ తిరిగాడు. అడుగు చెక్కను అరచేత్తో తడిమి చూశాడు.

"ఏవండీ, జిల్లా బోర్డువారు పన్నెండు రేవు పడవలకు టెండరు పిలిచారు. మీరు వేస్తున్నారాండీ?" అని అడిగాడు.

కొల్లేటి ఒడ్డున పడవలు కట్టేవాళ్లెవరూ టెండరన్న మాటే ఎరగరు. కావలసినవాడు వచ్చి నోటిమాటగా చెబుతాడు. వీళ్లు కట్టి ఇస్తారు. అంతే.

వెంకట్రాజు ఆ మనిషిని ఎగాదిగా చూశాడు. మాసిన కోటు, అరిగిన చెప్పులు. ఎవరినో మాయచేసి పబ్బం గడుపుకోవడానికి వచ్చినవాడిలా కనిపించాడు.

"అవన్నీ మాకెందుకండీ" అని బాడిశ అందుకున్నాడు.

కృపావరం నొచ్చుకోలేదు. నమస్కారం పెట్టి, గట్టు వెంబడి యోబు పాక వైపు నడిచాడు.

అదే వెంకట్రాజుకు గుచ్చుకుంది.

యోబు ఉలి పట్టడం నేర్చింది వెంకట్రాజు దగ్గరే. రెండేళ్ల కిందట వేరే పాక వేసుకున్నాడు. అటునుంచి సుత్తి చప్పుడు వినబడితే చాలు, వెంకట్రాజుకు అన్నం సహించేది కాదు.

ఇప్పుడు ఆ చప్పుడుకు తోడు మాటలు కూడా వినబడుతున్నాయి.

కృపావరం యోబు పడవలను అంగుళం అంగుళం కొలిచి రాసుకుంటున్నాడట. ఇంగ్లీషు ఫారంలో ఒక్కొక్క గడీ తెలుగులో విప్పి చెబుతున్నాడట. ఏ కలప, ఎంతమంది ఎక్కవచ్చు, ఏ తేదీకి నీళ్లలో దింపుతారు, అన్నీ రాయాలట. ఒక్క గడి ఖాళీగా వదిలినా కాగితం పక్కన పడేస్తారట. ఇంతా చేసి పైసా పుచ్చుకోవడం లేదట.

ఆ ఆఖరి మాట వెంకట్రాజును మరీ కాల్చింది.

"ముందు మిమ్మల్నే కదండీ అడిగారు. వెళ్లి కూచుంటే మీకూ చెబుతారు" అంది భార్య సీతారత్నం.

"నా దగ్గర పని నేర్చినవాడి అరుగు మీద నేను కూచోనా?" అన్నాడు వెంకట్రాజు.

నాలుగో రోజు యోబే వచ్చాడు. కాస్త దూరంలో నిలబడ్డాడు.

"కృపావరంగారు మిమ్మల్ని రమ్మంటున్నారండీ. పన్నెండు పడవలు నా ఒక్కడి వల్ల కావండీ."

వెంకట్రాజు తల తిప్పలేదు. యోబు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే వెంకట్రాజు మునసబు జోగారావు ఇంటికి వెళ్లాడు. యోబు పాకలో కాంగ్రెసు మనిషి దిగాడనీ, జనాన్ని పోగేసి ఏవో కాగితాలు రాయిస్తున్నాడనీ చెప్పాడు. ఉప్పు సత్యాగ్రహం కేసుల వేడి ఇంకా చల్లారని రోజులవి. మునసబు మారు ప్రశ్న వేయలేదు.

మర్నాడు ఇద్దరు కనిస్టీబులు వచ్చి కృపావరాన్ని ఏలూరు తీసుకుపోయారు.

వెంకట్రాజు పాక ముందుకు వచ్చినప్పుడు కృపావరం ఒక్క క్షణం ఆగాడు.

"టెండరు వేయడానికి శుక్రవారం ఆఖరి రోజండీ. ఇంకా టైముంది" అన్నాడు మెల్లగా.

ఆ పూట వెంకట్రాజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

టెండర్లు తెరిచే రోజున ఏలూరు కూడా వెళ్లాడు. యోబు ముఖం మాడిపోతుంటే కళ్లారా చూడాలని.

బోర్డు గుమాస్తా నాగేశ్వరరావు లక్క సీలు విప్పి చదివాడు. యోబు కాగితంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పన్నెండు పడవలూ మంజూరయ్యాయి.

గుమాస్తా ఇంకా చదువుతున్నాడు. అందులో ఆరు పడవలు వెంకట్రాజుగారి పాకలో తయారవుతాయనీ, ఈ ప్రాంతంలో ఆయనను మించిన పనివాడు లేడనీ రాసి ఉంది.

వెంకట్రాజు యోబు వైపు చూశాడు.

"కృపావరంగారే రాయించారండీ. మీ చేతి పని ఆ మొదటి రోజే చూశారంట" అన్నాడు యోబు. పోలీసులు ఆయన్ని స్టేషనులో రెండ్రోజులు కూచోబెట్టి వదిలేశారనీ, తమ ఊళ్లో మళ్లీ అడుగు పెట్టొద్దన్నారనీ చెప్పాడు.

వెంకట్రాజు గుమాస్తా వైపు తిరిగాడు. ఆయన్నే అడిగాడు.

"పోటీకి ఇంకెవరూ వేయలేదాండీ?"

"ఏటా వేసే కాంట్రాక్టరు ఒకాయన ఉన్నారండి. ఆరేళ్లుగా బోర్డు పడవలన్నీ ఆయనవే. ఆయన వేస్తే ఇంకొకరికి దక్కేది కాదు. ఈసారి టెండరు బదులు ఉత్తరం పంపారు."

గుమాస్తా ఉత్తరం విప్పి పైకి చదివాడు. తన పడవలు కాలవలకు తగినవనీ, కొల్లేటి బురదలో దిగబడుతున్నాయనీ ఉంది. పోయినేడు ఒకటి ఒరిగి ఇద్దరు మునిగిపోయారట. ఆ నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లే ఆ పడవలు కట్టాలనీ, రాతకోతలు రావని వాళ్లను తోసిపుచ్చవద్దనీ వేడుకున్నాడు.

"ఆయన ఇప్పుడెక్కడున్నారండీ?"

"చేతిలో పని వదులుకున్నాక ఇక్కడేం చేస్తారండీ? బతుకుతెరువు వెతుక్కుంటూ మొన్ననే రంగూను ఓడ ఎక్కారట."

ఇలాంటి మనిషి కూడా ఉంటాడా అనుకుంటూ వెంకట్రాజు చెయ్యి చాచాడు. గుమాస్తా ఉత్తరం అందించాడు.

వెంకట్రాజు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కిందిదాకా వచ్చాడు.

"చిత్తగించవలెను, ఆలమూరు కృపావరం, పడవల కాంట్రాక్టరు" అని ఉంది.