జెకర్యా నింపే తొట్టి

చర్చివాళ్ళ పొలంలో, ఒంటరిగా బతకలేని పెద్దవాళ్ళు కొందరు పశువులను చూసుకుంటూ ఉండేవారు. వాళ్ళలో జెకర్యా రోజూ నీళ్ళ తొట్టిని చిన్న చెంబుతో నింపేవాడు.

"ఈయన నింపేసరికి మధ్యాహ్నమవుతుంది. నా గొంతెండిపోతోంది!" అని బాతు రోజూ విసుక్కునేది.

ఒకరోజు కొత్తగా వచ్చిన సిస్టరు జాలిపడి, బకెట్లతో తొట్టిని గబగబా నింపేసింది. జెకర్యా ఖాళీ చెంబుతో గోడవార కూలబడ్డాడు.

బాతు సంబరంగా నీళ్ళకోసం పరుగెత్తింది. గేదె మాత్రం జెకర్యావంక చూసి, కొమ్ముతో తొట్టిని బోర్లా తోసేసింది.

"నీకేమైనా పిచ్చా గేదక్కా?" బాతు అరిచింది.

జెకర్యా చటుక్కున లేచాడు. తొట్టిని సరిచేసి, నవ్వుకుంటూ చెంబుతో బావికి వెళ్ళాడు.

"మళ్ళీ మధ్యాహ్నందాకా ఆగాలా! నీకసలు దాహమే వెయ్యదా?"

"చచ్చేంత వేస్తోందే. నోరు మూసుకుని నిలబడు," అంది గేదె.