నొప్పి పోయిన పన్ను

గుమ్మంలో తెల్లటి పళ్ళు చూపించనిదే బట్టల దుకాణం తలుపు తెరుచుకోదు. అందుకే అక్కడ పనిచేసే మంగతాయారు రోజూ పొద్దున్నే పళ్ళకి తెలుపు మందు పట్టించి, అది బాగా పట్టేందుకు నోట్లో నీలం దీపం పెట్టుకునే వంట చేసేది. అనకాపల్లిలో పనికెళ్ళే వాళ్ళందరిదీ అదే తంతు. ఆ మందుకి పళ్ళు జివ్వుమంటాయని ఏ ఇంట్లోనూ ఎవరూ వేడి టీ తాగరు, పూర్తిగా చల్లార్చుకుని తాగుతారు.

ఆ వేళ తొందరలో పొగలు కక్కే టీ నోట్లో పోసుకుంది. ముందుపన్ను ఒకటి మాత్రం జివ్వుమనలేదు.

"ఏమండీ, నా పన్ను నయమైపోయింది!" అంటూ ఐసుముక్క ఆనించి మరీ మొగుడికి చూపించింది. అప్పలస్వామి కుళ్ళుకున్నాడు.

నెల తిరక్కుండానే ఆ పన్ను బూడిదరంగుకి తిరిగింది.

"పళ్ళు శుభ్రం చేసుకుని రండమ్మా," అంది దుకాణం తలుపు, తియ్యటి గొంతుతో.

"పంటి లోపలుండే ప్రాణం పోయిందమ్మా, అందుకే నొప్పి లేదు," అన్నాడు పళ్ళ డాక్టరు. "ఈ నలుపు లోపల్నించి వస్తోంది. పైన ఎంత పూసినా పోదు. ఆ తెలుపు మందు మానేస్తే మిగతావైనా దక్కుతాయి."

"మానేస్తే ఆ తలుపెవరు తీస్తారండీ?"

డాక్టరు తన తెల్లటి పళ్ళతో నవ్వబోయాడు. ఫ్యాను గాలి తగిలి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు మంగతాయారు మందు రెట్టింపు పట్టించి దీపం వెలిగించింది. పళ్ళన్నీ ఒక్కసారిగా లాగేసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నల్లబడ్డ పన్ను మాత్రం, ఏమీ ఎరగనట్టు, ఊరికే ఉంది.