ఆఖరి పడవ

"మళ్లీ న్యూట్రల్లో వేశావా? ఇది ఆటోమేటిక్ కారయ్యా, మంచు మీద జారే చెక్కబండి కాదు!" అని గూరో మొగుడి మీద అరిచింది.

"దిగుడే కదా, దాని మానాన అది పోతుంది" అన్నాడు ఐలిఫ్.

కొండ కింద రేవులో పడవ కనిపించగానే గూరో వెనక్కి తిరిగి చూసింది. వెనక సీట్లోని మనవరాలు తీరిల్‌ని వాళ్ల ఊరికి తీసుకుపోయేది అదే. ఇవాళ్టికి అదే ఆఖరుది.

"గేర్లో పెట్టు, నాకు భయం!"

"పెడితే ఇంజను బండిని వెనక్కి పట్టేస్తుందే. నత్తలా పోతాం, పడవ తప్పుతుంది."

"తప్పితే?"

ఐలిఫ్ ఆమె వంక చూశాడు. గేర్లో పెట్టాడు.

"తాతయ్యా, గొర్రె మనల్ని దాటేసింది!"

"జాగ్రత్త ముఖ్యం తల్లీ."

వాళ్లు రేవు చేరేసరికి పడవ నీళ్లలో దూరంగా కూతేసింది. "అయ్యయ్యో!" అంది గూరో గట్టిగా.

ఐలిఫ్ ఆమె చెవిలో అడిగాడు: "రేపూ గేర్లోనే వద్దామా?"