కాలవలో పిండిన పాలు

"ఆ గంజి ఆపండి పెద్దమ్మా! తల్లి ఇంటికొచ్చింది కదా," అన్నాను.

మనీలా రేవు పక్క మా వాడలో బాలింతలకు చనుపాలివ్వడం గురించి చెప్పే పని నాది. నేనూ వాళ్లలాంటి తల్లినే.

దెల్ఫీనా పెద్దమ్మ చెంచా ఆపలేదు. "దాని పాలెలా పట్టిస్తామే? పొద్దుట్నుంచీ ఎండలో ఊరందరి బట్టలూ ఉతికొచ్చింది. ఈపాటికి విరిగిపోయుంటాయి. పిండి పారబొయ్యాలి."

పాలకు తడిసిన చొక్కాతో కోడలు రోవేనా నా వైపు చూసింది. బిడ్డ గంజి కక్కేస్తోంది.

"రొమ్ములో పాలు విరగవు పెద్దమ్మా. నేను రోజంతా చేపలు కోసొచ్చి నా పిల్లలకు ఇవ్వలేదూ?"

"ఎంత ఎండైనా?"

"ఎంత ఎండైనా."

"ఒళ్లు హూనమయ్యేలా ఉతికినా?"

"ఉతికినా విరగవు."

చెంచా ఆగింది. ఆవిడ గోడ మీది ఫోటో వైపు చూసింది. చిన్న తెల్ల శవపేటిక, పక్కన పడుచు వయసులో ఆవిడ. పేటికలో ఉన్నది గంజి తాగుతూనే చిక్కి శల్యమైపోయిన తొలిచూలు కొడుకు.

"నేనూ బట్టలుతికేదాన్నే," అంది. "పాలు ధారలు కట్టేవి. రోజూ కాలవలోకి పిండేసేదాన్ని."

బిడ్డను రోవేనా ఒళ్లో పెట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దీన్ని ఇచ్చుకోనీ. నావి మాత్రం విరిగిపోయాయని చెప్పవే."

"విరిగిపోయే ఉంటాయి పెద్దమ్మా."

ఆవిడ నా మొహంలోకి చూసి చెయ్యి వదిలేసింది.

"అబద్ధమాడ్డం కూడా చేతకాదే నీకు."