సొంతవాక్యం

"అమ్మా, నిస్పృహ అంటే ఏంటి? నిరాశేగా?" హోంవర్కు పుస్తకం పట్టుకుని మా చిన్నది వంటింట్లోకి వచ్చింది.

"నిఘంటువు చూడొచ్చుగా?"

"అది అటక మీదుంది. నువ్వేమో అందుతున్నావు."

"నిరాశంటే ఆశపడ్డది దొరకలేదన్న బాధ. నిస్పృహంటే ఇక ఆశపడటమే మానుకోవడం."

"అయితే సొంతవాక్యం రాసేస్తా."

నేను ముందుగది వైపు చూశాను. మిల్లు మూతపడ్డాక మూడు నెలలుగా మా ఆయన ముందుగదిలో కుర్చీకి అతుక్కుపోయారు. మా మాటలు ఆయనకు వినిపిస్తూనే ఉంటాయి.

"నాన్న గురించి మాత్రం రాయకే," అన్నాను గొంతు తగ్గించి. "మీ టీచరు క్లాసులో పైకి చదివిస్తుంది. ఆయన పరువేం కాను?"

"నాన్నకేంటమ్మా? రోజూ పేపర్లో ఉద్యోగాలకి సున్నాలు చుడుతున్నాడుగా."

గబగబా రాసి, సంతకానికి పుస్తకం నా ముందు పెట్టింది.

'పాలు, గ్యాసు, మందులు, మా పరీక్షలు అన్నీ క్యాలెండరు మీద రాసే మా అమ్మ, నిస్పృహతో దాని పేజీ తిప్పడం కూడా మానేసింది.'

తలెత్తి చూశాను. పొయ్యి పక్క గోడకి ఇంకా మిల్లు మూసిన నెలే వేలాడుతోంది. మూసిన రోజు గడి తర్వాత నా అక్షరం ఒక్కటీ లేదు.

"తప్పా అమ్మా?"

"తప్పులేం లేవు," అని సంతకం చేశాను. కింద తేదీ వేయబోయేసరికి పెన్ను ఆగిపోయింది.

"ఇవాళ తారీకెంతే?" అని అడిగాను.