మగ్గం గుంటలో నీళ్లు

ఆరో బిందె కూడా మగ్గం గుంటలో కుమ్మరించి చెన్నకేశవులు నడుం పట్టుకుని కూలబడ్డాడు.

సొంత మగ్గం గుంటలో సొంత చేతులతో నీళ్లు పోసుకున్న నేతగాడు ధర్మవరం మొత్తంలో అతనొక్కడే అయి ఉంటాడు. గుంటకు చెమ్మ తగిలితే పైన పట్టు పోగులు పాడవుతాయని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలుసు కాబట్టే పోశాడు.

"నీకేమన్నా మతి పోయిందా?" అంది భార్య ఓబులమ్మ, మగ్గం మీది పట్టు తడవకుండా కింద పాత దుప్పటి పరుస్తూ. "పెండ్లి చీర ఇది. చెడిపోతే మళ్లా ఎవరు నేస్తారు?"

"ఇల్లే పోతాంటే చీర సంగతి ఎందుకే?"

ఇరవై రెండేళ్లుగా ఆ మట్టిమిద్దెలో బాడుగకున్నారు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే ఆ గుంట అతను తవ్వుకున్నదే. ఇంటి యజమాని తిమ్మరాజు నిన్న వచ్చి చల్లగా చెప్పిపోయాడు. హిందూపురం నుంచి ఎవరో ఈ ఇల్లు కొంటారట. పేరు తనకూ తెలియదట. పెనుకొండ నుంచి మేస్త్రీ వచ్చి ఇల్లు చూసిపోతాడట. "మీరు వేరే ఇల్లు చూసుకోండప్పా" అని కూడా అన్నాడు, అదేదో మేలు చేస్తున్నట్టు.

కొత్తాయన కొన్నాక వీళ్లనెందుకు ఉంచుకుంటాడు? అరవై దగ్గరపడ్డ మనిషి ఇంకో ఇంట్లో గుంట తవ్వి, మగ్గం దించుకుని మొదట్నుంచీ మొదలుపెట్టడం అయ్యే పనేనా? అసలు ఇల్లు తవ్వుకోమని బాడుగకిచ్చే పుణ్యాత్ముడెవడు?

"మన పిల్లోడన్నా దగ్గరుండింటే..." అంది ఓబులమ్మ.

"మగ్గానికి దండం పెట్టి లారీ ఎక్కినోని మాట నాకాడ ఎత్తొద్దు. వాడి చేతి మంచినీళ్లు కూడా నాకొద్దు."

నయాపైసలు వచ్చిన ఏడాది మొదలైన కోపం అది. నాలుగేళ్లుగా రవ్వంత కూడా తగ్గలేదు. ఓబులమ్మ దుప్పటి అంచు సర్దింది.

మరునాడు పొద్దున పాసింజరు బండికి మేస్త్రీ పుల్లన్న దిగాడు. చంకలో గొడుగు, చేతిలో చిన్న ఇనుప చువ్వ. తొందర లేని మనిషి. మిద్దె ఎక్కి మట్టి గిల్లి చూశాడు. దిగి వచ్చి దూలాలను చువ్వతో తట్టాడు.

"కొయ్య గట్టిగానే ఉండాదే."

"పైకి అట్ల కనపడతాది మేస్త్రీ. లోపలంతా చెద."

పుల్లన్న నాలుగు చోట్ల పొడిచి చూశాడు. పిసరంత పొడి కూడా రాలలేదు.

వసారా, వంటిల్లు, గోడలు అన్నీ అయ్యాక మగ్గం దగ్గరికొచ్చి ఆగాడు.

"నాకు ముఖ్యంగా చెప్పిండేది దీన్ని గురించే. తక్కినవి ఎట్లున్నా బాగు చేయించుకుందాం, ఆ ఇంట్లో మగ్గం బాగా ఆడుతాదా లేదా చూసి రమ్మన్నాడు కొనేటాయన."

అంటే కొనేవాడూ నేతవాడే అనుకున్నాడు చెన్నకేశవులు. ఇన్నేళ్లూ తను కాళ్లాడించిన గుంటలో రేపు ఇంకెవడో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు.

"ఆడేదేముందప్పా? చూడు, నీళ్లు ఊరతాండాయి."

పుల్లన్న గుంట పక్కన గొంతుకూర్చుని అంచు రాళ్లు తడిమాడు. చెయ్యి లోపలికి పెట్టి గోడంతా తడిమాడు.

"వానలు పడి మూడు నెలలాయె. ఈ నీళ్లు యాడివి?"

"ఊట. ప్రతి ఏడూ ఇంతే."

"ఎప్పట్నుంచి?"

"మూడేండ్ల నుంచి."

"మరి ఈ మూడేండ్లు ఎట్ల నేసినావబ్బా?"

ఓబులమ్మ తలుపు చాటుకు తప్పుకుంది. మేస్త్రీ చూపు మాత్రం చెన్నకేశవులు మొహం మీంచి కదలడం లేదు. ఇప్పుడు తడబడితే ఇల్లు పోయినట్టే.

చెన్నకేశవులు చెయ్యి చాచి మగ్గం మీద పెట్టాడు. నేతవాళ్లకు అంతకు మించిన ఒట్టు లేదు.

"ఈ మగ్గం మీద ఒట్టు. ఈ గుంటలో మూడేండ్లుగా నీళ్లు ఊరతాండాయి. నమ్మితే నమ్ము, లేకుంటే పో."

పుల్లన్న లేచి గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కుకునే మగ్గం కొయ్య అది. చెన్నకేశవులు ఆ చేతిని పంచెకు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఇల్లు నిలిచిందిలే అని తనకు తానే చెప్పుకుని లేచి, చెంబుతో గుంటలోని నీళ్లు తోడటం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి పుల్లన్న హిందూపురంలో దిగాడు. కొనే ఆయన బెల్లం మండీలో తూకం దగ్గరున్నాడు. మేస్త్రీని చూడగానే పని వదిలి ఎదురొచ్చాడు.

"ఇల్లు గట్టిది," అన్నాడు పుల్లన్న. "గుంటలో మాత్రం నీళ్లుండాయి. నన్నడిగితే అది ఊట కాదు. ఊటైతే చెమ్మ అడుగు నుంచి పైకెక్కాల. ఈడ పై రాళ్లు తడిసినాయి. ఎవరో పోసినారు. నా మాట విని కొనుక్కో. నువ్వొద్దంటే ఇంకొకాయన కాచుకోనుండాడంట. మిద్దె పడగొట్టి గోడౌను కడతాడంట."

"ఆ ఇంట్లో ఉండే ఆయన ఏమన్నాడు?"

"మూడేండ్లుగా ఊరతాండాయని మగ్గం మీద చెయ్యేసి ఒట్టు పెట్టినాడు."

అతను తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఆ ఇల్లు వద్దులే మేస్త్రీ, మగ్గం మీద చెయ్యేసి మా నాయన అబద్ధం చెప్పడు."